డెక్సా స్కాన్: లుకేమియాతో ఉన్నవారికి ఎంతవరకు ఉపయోగం?

దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు ఇమాటినిబ్ అనే మందు వాడుతున్న నాకు, ఎముకల సాంద్రత ఎలా ఉందో ఒకసారి చూద్దామని డాక్టరు గారు చెప్పడంతో ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో డెక్సా స్కాన్ చేయించుకున్నాను. నాలాంటి వారికి ఇది చేయించుకోదగిన పరీక్షే కానీ, ఒళ్లు నొప్పులకు కారణం ఇందులోనే తెలుస్తుందనుకుని వెళితే మాత్రం నిరాశ తప్పదు.

సూది గుచ్చరు, గొట్టంలాంటి యంత్రంలోకి పంపరు, ఎక్స్-రే మోతాదు కూడా చాలా తక్కువ. వెల్లకిలా పడుకోబెట్టి, నడుము బల్లకు ఆనేలా కాళ్లను ఒక దిమ్మె మీదికి ఎత్తి పెడతారు. తుంటి వంతు వచ్చినప్పుడు పాదాన్ని లోపలికి తిప్పి పట్టీతో బిగిస్తారు. పిక్కలు పట్టేసే మనిషికి కాస్త కష్టమైన భంగిమ అదే. అక్కడి టెక్నీషియన్ ఏమాత్రం విసుక్కోకుండా, పట్టు వదిలేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఓపికకు నేను ఎంతో కృతజ్ఞురాలిని.

లోపమల్లా వాళ్లు నింపించిన ఫారంలో ఉంది. పాత ఫ్రాక్చర్లు, థైరాయిడ్, స్టెరాయిడ్లు, నెలసరి ఆగిన వయసు అన్నీ అడిగారు గానీ, క్యాన్సర్ మందుల ఊసే లేదు. ఇమాటినిబ్ వాడేవారిలో కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ తగ్గి, ఎముక అరిగి తిరిగి కట్టుకునే క్రమమే మారుతుంది కాబట్టి, ఆ ఒక్క ప్రశ్న తప్పకుండా ఉండాలి. నేను మందు పేరు కింద ఖాళీలో రాసి ఇచ్చాను. మీరూ అలాగే చేయండి.

రిపోర్టులో ముఖ్యమైనది టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువ వయసువారి సగటుతో మన ఎముక సాంద్రతను పోల్చి చెప్పే అంకె. మైనస్ 1 కంటే తగ్గితే ఎముక కొంత పలచబడినట్టు, మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అని అర్థం. అయితే ఎముక పలచబడినంత మాత్రాన నొప్పి రాదు, విరిగితేనే వస్తుంది. మనకు వచ్చే నొప్పికి మూలుగలో కణాలు కిక్కిరిసిపోవడమో, మందు వల్ల కండరాలు పట్టేయడమో కారణం కావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మందు ఆపిన తర్వాత కూడా కొందరికి కొన్ని నెలలు కీళ్లు, కండరాలు నొప్పి పెడతాయి. ఇవేవీ ఈ స్కాన్‌లో కనిపించవు. కాబట్టి స్కోరు బాగుందని ఎవరైనా మీ నొప్పిని కొట్టిపారేస్తే ఒప్పుకోకండి. ఫాస్ఫేట్, కాల్షియం, విటమిన్ డి పరీక్షల గురించి మీ హెమటాలజిస్టును (రక్త వ్యాధుల డాక్టరును) అడగండి.

స్కాన్‌కు ముందు 24 గంటలు కాల్షియం మాత్రలు ఆపాలి. ఈమధ్య కాంట్రాస్ట్ మందుతో (లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) వేరే స్కాన్ ఏదైనా జరిగి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. తర్వాతి స్కాన్‌కూ నేను అదే కేంద్రానికి వెళతాను, ఎందుకంటే యంత్రం మారితే పాత అంకెలతో కొత్తవి సరిగా పోల్చలేము.