పొడుగు బండి, పొట్టి షాకర్లు: చెన్నై రోడ్ల మీద సూపర్ మీటియోర్ 650

రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి సూపర్ మీటియోర్ 650ని పక్క నుంచి చూడాలి. హెడ్‌లైట్ దగ్గర మొదలైన గీత ట్యాంకు మీదుగా జారి, సీటు దగ్గర బాగా కిందికి దిగి, వెనక మడ్‌గార్డు మీద గుండ్రంగా తిరుగుతుంది. ఎక్కడా తెగదు. 2260 మి.మీ. పొడవున్నా బండి మొద్దుగా కాకుండా తీరుగా కనబడడానికి కారణం అదే. ఆ కంపెనీకి ఒరగడం, వల్లం వడగల్‌లలో ఫ్యాక్టరీలున్న ఊరివాళ్లం కాబట్టి చెప్పడం కాదు గానీ, ఈ ధరలో ఇంత పొందికైన క్రూయిజర్ (కాళ్లు చాచి, కిందికి కూర్చుని తీరిగ్గా నడిపే బండి) ఇంకోటి కనబడదు. అయితే ఆ గీతకు ఒకచోట పెద్ద ఖరీదే కట్టారు. ఆ చోటు వెనక షాకర్లు. చెన్నైలో కొనేవాళ్లు ముందు తెలుసుకోవలసింది అదే గనక అక్కడే మొదలుపెడదాం.

సీటు ఎత్తు 740 మి.మీ. పొట్టివాళ్లకు కూడా రెండు పాదాలూ నేలకు నిండుగా ఆనతాయి. 241 కిలోల బండిని సిగ్నల్ దగ్గర నిలబెట్టేటప్పుడు ఇది ఎంత ధైర్యమో నడిపితేనే తెలుస్తుంది. కానీ సీటు అంత కిందికి రావాలంటే దాని కింద వెనక చక్రం పైకీ కిందికీ ఆడే చోటు తగ్గాలి. ముందు 43 మి.మీ. షోవా తలకిందుల ఫోర్కుకు 120 మి.మీ. కదలిక ఇచ్చి, వెనక 101 మి.మీ.తో సరిపెట్టింది అందుకే. పైగా ఫుట్‌రెస్టులు ముందుకు ఉన్నాయి. మామూలు బండి మీద గుంత కనబడగానే కాళ్ల మీద బరువు వేసి కాస్త లేస్తాం. ఇక్కడ కాళ్లు ముందుకు చాచి ఉంటాయి కాబట్టి లేవలేం. మొత్తం బరువు తుంటి మీదే, దెబ్బ నేరుగా నడుముకే. జీఎస్‌టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద మెత్తగా సాగే బండి, వేళచ్చేరి సందుల్లో స్పీడ్ బ్రేకర్ తర్వాత స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేసరికి ఇంకో బండిలా అనిపించేది ఈ రెండూ కలవడం వల్లే.

దీన్ని పూర్తిగా పోగొట్టలేం, తగ్గించగలం. వెనక షాకర్లకు ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలన్నది) 5 మెట్లు ఉంది, కొక్కెం స్పానర్‌తో తిప్పాలి. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగు అదే, దాని బలమూ అదే. మారేదల్లా మనిషి కూర్చోగానే బండి ఎంత కుంగుతుందన్నది. 101 మి.మీ.లో సుమారు మూడో వంతు, అంటే 30 నుంచి 35 మి.మీ. దాకా కుంగితే మిగిలిన 65 పైచిలుకు గుంతలకు ఉంటుంది. వెనక ఇంకొకరు కూర్చున్నా అదే మెట్టు మీద ఉంచితే ఆ మిగులు సగానికి సగం తరిగిపోయి, చిన్న గుంతకే షాకరు అడుగు తగిలి ఠంగున కొడుతుంది. కొలవడం కష్టమేం కాదు. ఒకరు బండిని నిలువుగా పట్టుకుంటే ఇంకొకరు వెనక నుంచి పైకి లాగి, షాకర్లు పూర్తిగా సాగాక వెనక యాక్సిల్ నుంచి మడ్‌గార్డు మీద పెట్టిన గుర్తు దాకా టేపుతో కొలవాలి. నడిపే మనిషి కూర్చున్నాక మళ్లీ కొలవాలి. రెంటికీ తేడాయే ఆ కుంగు. రెండు వైపులా ఒకే మెట్టు ఉందో లేదో తప్పనిసరిగా చూసుకోవాలి.

జనరల్ ప్యాటర్స్ రోడ్డు షాపుల్లో పొడుగాటి షాకర్లు అడిగేవాళ్లకు ఒక హెచ్చరిక. వెనక ఎత్తు పెరిగితే ముందు ఫోర్కు నిలువు అవుతుంది, స్టీరింగు చురుకై నిలకడ తగ్గుతుంది. చైన్ బిగువు మారుతుంది. సైడ్ స్టాండు పొట్టిదై బండి మరీ ఒరిగిపోతుంది. కాబట్టి పొడవు అలాగే ఉంచి, డ్యాంపింగ్ (స్ప్రింగు ఊగిసలాటను అణిచే గుణం) మెరుగైనవి తీసుకోవడమే తెలివైన పని. గ్రౌండ్ క్లియరెన్స్ 135 మి.మీ., వీల్‌బేస్ (రెండు చక్రాల నడిమి దూరం) 1500. అందుకే ఇద్దరెక్కి కాలనీల్లోని ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు దాటేటప్పుడు అడుగు తగలకుండా నెమ్మదిగా, కాస్త ఏటవాలుగా ఎక్కించాలి.

ఇంజను దగ్గరికి వస్తే ఇంత లెక్క అక్కర్లేదు. 2018లో ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీలతో వచ్చిన 648 సీసీ జంట సిలిండర్ల ఇంజనే ఇది. బోరు (సిలిండర్ వెడల్పు) 78, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 67.8 మి.మీ. బుల్లెట్‌లా పొడుగు స్ట్రోకు కాదు. 7250 ఆర్‌పీఎం దగ్గర 47 పీఎస్, 5650 దగ్గర 52.3 న్యూటన్ మీటర్ల టార్క్. దీని అందమంతా పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే 270 డిగ్రీల క్రాంకులో ఉంది. రెండు పిస్టన్లూ జతగా ఎక్కి జతగా దిగవు. ఒకటి పై కొసలో క్షణం ఆగినప్పుడు రెండోది దారి మధ్యలో జోరుగా కదులుతూ ఉంటుంది. అందువల్ల పిస్టన్లు రెండూ ఒకేసారి ఆగి ఒకేసారి కదలడంతో పుట్టే సన్నని అదురు చాలావరకు తనలో తానే చల్లారిపోతుంది. మిగిలిన ఊపును బ్యాలెన్స్ షాఫ్టు చూసుకుంటుంది. సిలిండర్లలో మంటలు 270, 450 డిగ్రీల ఎడంతో పడతాయి కాబట్టి 90 డిగ్రీల వీ-ట్విన్ (రెండు సిలిండర్లు వీ ఆకారంలో ఉండే ఇంజను) లాగే ఎగుడుదిగుడు తాళం వినబడుతుంది. వీ-ట్విన్‌కు రెండు హెడ్లు, రెండు సిలిండర్ బ్యారెళ్లు కావాలి. ఇక్కడ ఒక్కొక్కటితో ఆ గొంతు వచ్చింది. సైలెన్సర్ మార్చి ఆ గొంతు పాడుచేసుకోవద్దని గట్టిగా చెబుతాం.

టాకోమీటర్ (ఇంజను ఆర్‌పీఎం చూపే మీటరు) లేదు, అది లోటే. బండి కింది వేగాల్లోనే హాయిగా లాగుతుంది కాబట్టి కొందరు ఆరో గేరులోనే 50కి పడిపోయి మళ్లీ థ్రాటిల్ తిప్పుతారు. అప్పుడు వచ్చే కుదుపు చైన్‌కీ, చక్రంలోని రబ్బర్లకీ చేటు. ఒక గేరు దించడం మేలు.

ముందు ఒక్కటే డిస్కు, 320 మి.మీ.; వెనక 300. ముందు బ్రేకు పట్టు నెమ్మదిగా మొదలవుతుంది, స్కూటర్ అలవాటుతో రెండు వేళ్లతో నొక్కితే చాలదు. క్రూయిజర్‌లో బరువు వెనక్కి ఉంటుంది గనక వెనక బ్రేకు నిజంగానే పనిచేస్తుంది. రెండూ కలిపి వాడాలి. అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు (ముందు 100/90-19, వెనక 150/80-16) కాబట్టి నెల్లూరు దారిలో పంక్చరైనా చక్రం విప్పే పని లేకుండా స్ట్రిప్పు పెట్టుకుని సాగిపోవచ్చు.

చెన్నైలో ఈ బండికి అసలు శత్రువు ఉప్పు గాలి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు ఉండేవాళ్లకు మరీను. క్రోమ్‌కు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. ఉప్పు తడి వాటిలో దూరి కింది ఇనుమును తింటే పైన ఎర్ర చుక్కలు తేలతాయి. అవి వచ్చాక పాలిష్ పెట్టి లాభం లేదు. వారానికోసారి మామూలు నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి, నెలకోసారి మైనం పూయాలి. బోల్టు తలలు, సైలెన్సర్ అడుగు అతుకు ముందు చూడాలి. రోజూ రెండు కిలోమీటర్లకే బండి వాడితే సైలెన్సర్ లోపల పట్టిన తేమ ఆరదు, తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. వారానికి ఒక్కసారైనా అరగంట పైన నడపండి. సర్వీసు దగ్గర ప్రెషర్ నీళ్లు చక్రాల బేరింగులకూ స్విచ్‌లకూ నేరుగా కొట్టనివ్వద్దు.

ఆయిల్ 10డబ్ల్యూ-50. అద్దం గుండా మట్టం చూసేటప్పుడు బండి నిలువుగా ఉండాలి. సైడ్ స్టాండు మీద చూసి తక్కువుందని పోయించేస్తే ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం నుంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. ఆయిల్ కూలర్‌కు ఫ్యాను లేదు, బండి కదిలితేనే గాలి. మే నెలలో కత్తిపారా కూడలి దగ్గర ఇరుక్కుంటే ఇంజను ఆపేయడమే మంచిది. ఆ ఎండకు తారు మెత్తబడి సైడ్ స్టాండు దిగబడుతుంది. కింద పెట్టడానికి అరచేతంత రేకు ముక్క వెంట ఉంచుకోవాలి. చైన్‌ను 500 కి.మీ.కొకసారి, తడిసిన ప్రతిసారీ శుభ్రం చేసి ఆయిల్ పెట్టాలి. దానికి వెనక చక్రాన్ని నేల నుంచి లేపి ఉంచే ప్యాడాక్ స్టాండు కొనక తప్పదు.

ఆస్ట్రల్, ఇంటర్‌స్టెల్లార్, సెలెస్టియల్ అని మూడు రకాలు. సెలెస్టియల్‌లో గాలి అద్దం, వెడల్పు సీటు, వెనకవాళ్లకు ఆనుకునే దిండు వస్తాయి. బెంగళూరు, తిరుపతి దార్లలో ఇద్దరు తిరిగేట్టయితే అదే తీసుకోండి. ఊళ్లోనే వాడేవాళ్లకు ఆ అద్దం రొమ్ముకు తగిలే గాలిని ఆపేస్తుంది, మన ఎండలో అది ఇబ్బందే.

టెస్ట్ రైడ్‌కు షోరూం వాళ్లు మంచి రోడ్డే చూపిస్తారు. మీరు రోజూ వెళ్లే దారి అడగండి, రోజూ వెనక కూర్చునే మనిషినీ తీసుకెళ్లండి, ఎక్కే ముందు ప్రీలోడ్ మీ బరువుకు సరిచేయించండి. చివరగా, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు గుర్తు తెచ్చుకుని, అలాంటి వాలు మీద ముందు చక్రం కిందికి పెట్టి ఆపి, ఎవరి సాయం లేకుండా బండిని వెనక్కి లాగి చూడండి.