నెల్లూరు రోడ్ల మీద నెక్సాన్ ఈవీ: రేంజ్ లెక్క అసలు ఎట్లా చూడాలి

టాటా వాళ్ల కరెంటు కారు నెక్సాన్ ఈవీ, 40.5 కిలోవాట్ అవర్స్ బ్యాటరీది, చూసి నెల్లూరులో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఫుల్ చార్జ్‌కి ఎంత వస్తుందన్నా?" కంపెనీ చెప్పిన 465 కిలోమీటర్లు నమ్మి కొనేవాళ్లు ఉన్నారు, అందులో సగం కూడా రాదంట అని మానేసేవాళ్లూ ఉన్నారు. ఈ కారే వాడుతున్నా కాబట్టి నేను చెప్పేది ఇది. మన ఎండల్లో ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగితే 300 దగ్గర, హైవే మీద 80, 85 స్పీడులో పోతే 250 అనుకుని కొనండి. ఆ లెక్కకి మీ తిరుగుడు సరిపోతే చాలా మంచి కారు.

465 అబద్ధమేమీ కాదు. ఎంఐడీసీ అనే మన దేశపు టెస్టు పద్ధతిలో, ల్యాబ్‌లో రోలర్ల మీద నడిపి తీసిన సంఖ్య అది. అందులో స్పీడు 90 దాటదు, ఎక్కువ సేపు నెమ్మదిగానే నడుస్తుంది. కావలి దాటాక తగిలే ఎదురుగాలి, మే నెల ఎండ, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను, ఇవేవీ ఆ టెస్టులో ఉండవు.

ఇక స్క్రీన్ మీద కనపడే "మిగిలిన కిలోమీటర్లు". అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. మీరు ఎక్కడికి పోతున్నారో, ఏ స్పీడులో పోబోతున్నారో కారుకి తెలియదు కదా. ఇంతకు ముందు మీరు నడిపిన తీరులో కిలోమీటరుకి ఎంత కరెంటు తాగిందో చూసుకుని, మిగిలిన చార్జ్ ఇంకెంత దూరం వస్తుందో అంచనా కడుతుంది, అంతే. ఊళ్లో మెల్లగా తిరిగి తిరిగి అదే కారు హైవే ఎక్కిస్తే, పది కిలోమీటర్లు పోయేసరికి అంకె పదిహేను పడిపోతుంది. బ్యాటరీ పాడైపోయిందేమో అని అప్పుడే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయకండి, పాత అంచనాని కారు సరిచేసుకుంటోంది.

నేను ఆ అంకె వదిలేసి పర్సెంట్, వాట్ అవర్స్ చూస్తాను, రెండూ ఇందులో బాగా కనపడతాయి. 40.5 కిలోవాట్ అవర్స్ అంటే ఇంటి మీటర్లో తిరిగే 40.5 యూనిట్లే, ఒక్కో యూనిట్ వెయ్యి వాట్ అవర్స్. ఒక్క పర్సెంట్ అంటే 405 వాట్ అవర్స్. ఊళ్లో కిలోమీటరుకి 135 వాట్ అవర్స్ తాగుతుంటే పర్సెంట్‌కి మూడు కిలోమీటర్లు, హైవే మీద 160 తాగుతుంటే రెండున్నర. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు, హైవే లెక్కన 48 పర్సెంట్. ఫుల్‌తో బయలుదేరితే ఒంగోల్లో 52 ఉంటుంది, కాగితం మీద తిరిగి కూడా రావచ్చు, కానీ రాకండి. అక్కడ పని చూసుకునేలోపు కాసేపు చార్జింగ్ పెట్టుకోండి. చెన్నైకి సుమారు 175, అంటే 70 పర్సెంట్, ఒకవైపుకి ఇబ్బంది లేదు. చేతిలో ఎప్పుడూ ఒక 20 పర్సెంట్ ఉంచుకోవాలి, ఎందుకంటే హైవే పక్క ఒక చార్జర్ యాప్‌లో ఖాళీగా ఉందని చూపించింది, తీరా పోతే అసలు ఆన్‌లోనే లేదు.

చార్జ్ తినేదాంట్లో అన్నిటికంటే పెద్దది స్పీడు. గాలి అడ్డం స్పీడు వర్గంతో పెరుగుతుంది, అంటే 80 నుంచి 100కి పోతే ఒక్క గాలిని తోసుకుపోవడానికే కిలోమీటరుకి ఒకటిన్నర రెట్లు పైన ఖర్చు. చార్జ్ తక్కువుందని ఏసీ ఆపేసి పిల్లల్ని ఉడకబెట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది, దాని బదులు స్పీడు 80కి దించండి, చాలు. ఏసీ ఖర్చు గంటల లెక్క, దూరం లెక్క కాదు. గంటకి ఒక యూనిట్ తాగిందనుకుంటే, 80లో పోయేటప్పుడు కిలోమీటరుకి 12 వాట్ అవర్సే పడుతుంది, ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో 20లో పోతే 50 పడుతుంది. వేసవిలో ఊళ్లో కూడా అంకె పడిపోయేది అందుకే.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఈ బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. చార్జ్ తగ్గుతున్నా దీని వోల్టేజ్ చాలా దూరం దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, ఎంత మిగిలిందో కనిపెట్టడం కారుకి కొంచెం కష్టం. ఎప్పుడూ 40, 80 మధ్యనే తిప్పుతుంటే పర్సెంట్ లెక్క మెల్లగా తప్పుతుంది. అప్పుడప్పుడు ఇంట్లో స్లో చార్జింగ్‌తో 100 దాకా నింపితే సర్దుకుంటుంది. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, ఆ విషయంలో నాకు దిగులు లేదు.

నెల్లూరు, కావలి, కందుకూరు మధ్య రోజూ తిరిగే వాళ్లకి, సొంత ఇల్లు, పార్కింగ్‌లో 15 ఆంప్స్ సాకెట్ ఉన్న వాళ్లకి కళ్లు మూసుకుని తీసుకోమంటాను. అపార్ట్‌మెంట్ వాళ్లు మాత్రం కారు కొనకముందే అసోసియేషన్‌తో సాకెట్ సంగతి తేల్చుకోండి.