హైస్కూల్లో కరెంటు సారె ఎంతవరకు పనికొస్తుంది

పావు హెచ్‌పీ మోటారు, కాలి పెడల్, ఊడదీసే ప్లాస్టిక్ తొట్టి ఉన్న చిన్న కరెంటు సారె, అంటే కుండలు చేసే కుమ్మరి చక్రం గురించి ఈ మాట. నల్లగొండ, పాలమూరు వైపు బడికి ఒకటి కొందామనుకునే టీచర్లకు పనికొస్తుంది.

యంత్రానికి పెద్దగా వంక పెట్టలేం. పిల్లలు పట్టేది అరకిలో మట్టిముద్ద, ఆ బరువుకు మోటారు మొరాయించదు. వోల్టేజీ పడిపోయినప్పుడు మాత్రం గట్టిగా అదిమితే పళ్ళెం నెమ్మదిస్తుంది. కర్రతో తిప్పే పాత సారెకు ఆ బాధ లేదు, దాని బరువే దాన్ని తిప్పుతుంది.

చిక్కంతా పెడల్‌తోనే. కొత్తవాళ్ళు ఒక్కసారిగా తొక్కేస్తారు, ముద్ద ఎగిరిపోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెడితే సగం వేగం దగ్గరే ఆగుతుంది. చేత్తో తిప్పే మీట రకం వద్దు. రెండు చేతులూ మట్టిలో ఉంటే మీట తిప్పేదెవరు? ఎడమచేతి వాటం వాళ్ళ కోసం రెండు దిక్కులా తిరిగే స్విచ్ చూసుకోండి. తొట్టి అతుకులోంచి నీళ్ళు కారితే బెల్టు జారుతుంది. ఎర్తింగ్ సరిగా లేని గదిలో అసలు పెట్టొద్దు.

పీరియడ్ 45 నిమిషాలు. తిరిగే ముద్ద ఊగకుండా నడిమికి తేవడానికే కొత్త చేతికి పది నిమిషాలు కావాలి. నలభై మందికి ఒకే సారె ఉంటే నలుగురు చేస్తారు, ముప్పై ఆరుగురు చూస్తారు. రెండు సారెలకు మించి కొనకుండా, మిగతా పిల్లల చేత చేత్తోనే గురుగులు, ప్రమిదలు చేయించండి. గోడ చిటికెన వేలి మందం దాటకూడదు. దాటితే లోపల మిగిలిన తడి ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) ఆవిరై కుండను పగలగొడుతుంది.

సారెతో పాటు అంటగట్టే సంచి మట్టి అక్కర్లేదు, చెరువు మట్టి చాలు. రెండు రోజులు నానబెట్టి, దోమతెర గుడ్డలో వడకట్టి, చేతికి అంటనంత వరకు గోనెపై ఆరనివ్వాలి. పెన్సిల్ లావు తీగ చేసి వేలికి చుట్టితే విరగకూడదు. మట్టిలో నల్లరేగడి వాటా ఎక్కువైతే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. పదోవంతు జల్లించిన ఇసుక కలపండి. మన నేలల్లో అంతకన్నా మాయదారివి సున్నపు రాళ్ళు. కాలినప్పుడు సున్నమవుతాయి, తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బుతాయి, బాగా కాలిన కుండే వారం తిరక్కముందు పెచ్చులూడుతుంది. ల్యాబ్‌లోని సజల హైడ్రోక్లోరికామ్లం రెండు చుక్కలు ఎండుమట్టిపై వేయండి. బుసబుస పొంగితే ఆ మట్టి వద్దు. కెమిస్ట్రీ పాఠం కూడా అయిపోతుంది!

పని అయ్యాక గదిని పొడి చీపురుతో ఊడ్చొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. తడిగుడ్డతో తుడవాలి.

మూడో సారెకు పెట్టే డబ్బుతో ఊరి కుమ్మరిని కొన్నాళ్ళు పిలిపించుకోవడం మేలు, కాల్చడానికి ఆవం కూడా ఆయనదే కావాలి. ఆషాఢంలో బోనాల కుండలు, దీపావళి ముందు ప్రమిదలు: అప్పుడు అందులో చోటుండదు. పైగా వానల్లో పచ్చి కుండ ఆరదు. దీపావళి దాటాక మొదలుపెట్టి, చేసినవాటిని వారం పైగా నీడన ఆరబెడితే, సంక్రాంతి సెలవులకు పిల్లలు తమ గురుగులు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు.