మూడు లక్షల కిలోమీటర్ల పాత కారు: ఆరేళ్ల వాడకం తర్వాత

నేను కొన్ననాటికి ఈ కారు వయసు పదమూడేళ్లు, మీటరు మీద 2,14,000 కిలోమీటర్లు. ఇప్పుడు 3,02,000 దాటింది. 1,600 సీసీ పెట్రోలు ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు ఉన్న మామూలు సెడాన్ ఇది. ఈ ఆరేళ్లలో అది ఎంత బాగా నడిచిందో చెప్పడం కన్నా, కొనేముందు నేను చూసినవాటిలో ఏవి తర్వాత అక్కరకు వచ్చాయో, చూడకుండా వదిలేసినవాటిలో ఏవి చేతి చమురు వదిలించాయో చెప్పడం ఇటువంటి కారు కొనాలా వద్దా అని ఆలోచించేవారికి ఎక్కువ పనికొస్తుందనుకుంటున్నాను.

రెండు లక్షలు దాటిన అంకెను చూడగానే ఎవరికైనా గుండె జారుతుంది, నాకూ జారింది. అయితే ఆ అంకె ఎలా పోగయిందన్నదే అసలు ప్రశ్న. రోజూ దూరప్రయాణాలు చేసిన కారులో ఇంజను ఒకసారి వేడెక్కాక గంటల తరబడి ఒకే తీరున తిరుగుతుంది, క్లచ్‌కూ బ్రేకులకూ స్టార్టరుకూ పని తక్కువ పడుతుంది. రెండు మూడు కిలోమీటర్లు నడిపి ఆపేస్తూ వచ్చిన కారులో ఆయిలు పూర్తిగా వేడెక్కదు కనుక అందులో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోకుండా అక్కడే ఉండిపోతాయి. అటువంటి ఇంజను లక్ష కిలోమీటర్లకే ఎక్కువ అరిగి ఉండవచ్చు. నా కారు మొదటి యజమాని వృత్తిరీత్యా దూరాలు తిరిగినవారు. డ్రైవరు సీటు అంచు నలిగి, పెడళ్ల మీది రబ్బరు నున్నబడి, స్టీరింగు తోలు మెరుగెక్కి ఉన్నాయి. అవన్నీ మీటరు చెప్పిన మాటనే చెప్పాయి. మీటరు 80,000 చూపిస్తూ పెడళ్లు మాత్రం బోడిగా ఉన్న ఒక కారును అంతకు వారం ముందే చూసి వదిలేశాను.

నేను ఆలస్యంగా తెలుసుకున్నది మరొకటి ఉంది. మీటరు అంకె లోహం ఎంత తిరిగిందో చెబుతుంది కానీ, రబ్బరూ ప్లాస్టిక్కూ ఎంత ఎండిపోయాయో తెలియాలంటే తయారైన సంవత్సరం చూడాలి. నా ఖర్చుల పుస్తకం తిరగేస్తే ఈ ఆరేళ్లలో ఇంజను లోపలి భాగాల మీద పెట్టింది దాదాపు ఏమీ లేదు. ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంటు) పోయే గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజను మౌంటులు, ఆయిలు సీళ్లు, డ్రైవ్‌షాఫ్టు మీది రబ్బరు తొడుగులు, వీటికే సింహభాగం పోయింది. ఇదే కారు లక్ష కిలోమీటర్లే తిరిగి ఉన్నా పదమూడేళ్ల వయసుకు ఈ ఖర్చులో చాలా భాగం తప్పేది కాదు. అందుచేత తక్కువ తిరిగిందన్న కారణంతో అంతే పాత కారుకు ఎక్కువ ధర పెట్టేవారిని చూస్తే ఇప్పుడు నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

పరీక్ష విషయానికి వస్తే, నేను చేసిన మంచి పనుల్లో మొదటిది చల్లని ఇంజనును చూడటం. మొదటిసారి వెళ్లినప్పుడు బానెట్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలింది, ఎవరూ రాకముందే ఇంజను తిప్పి ఉంచారు. మర్నాడు ఉదయం వస్తానని, అంతవరకూ స్టార్టు చేయవద్దని మర్యాదగానే చెప్పి వచ్చాను. మర్నాడు తాళం తిప్పగానే సైలెన్సర్ నుంచి నీలి పొగ రెండు క్షణాలు కనిపించి ఆగిపోయింది. అది రాత్రంతా వాల్వ్ సీళ్ల (ఆయిలు సిలిండర్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు వలయాల) మీదుగా జారిన ఆయిలు కాలిపోవడం. అదే పొగ నడుస్తున్నంతసేపూ వచ్చినా, వేగం పెంచినప్పుడల్లా వచ్చినా పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి. వేడెక్కిన తర్వాత కూడా తెల్లని పొగ తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంటు లోపల కాలుతోందని, హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే పొర) పోయిందని అనుకోవాలి. నాతో వచ్చిన మెకానిక్ కంప్రెషన్, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలిస్తే నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపే ఉంది. కొనాలన్న నిర్ణయానికి ఆ ఒక్క కొలతే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. వాల్వ్ సీళ్లు నేటికీ మార్చలేదు. మొదట్లో 3,000 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిలు తాగేది, ఇప్పుడు 2,000కే తాగుతోంది. డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూపే కడ్డీ) చూసే అలవాటు లేనివారికి ఇటువంటి కారు పనికిరాదు.

ఇక నా తప్పులు. వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టును మార్పించామని అమ్మినవారు చెప్పారు, బిల్లు లేదు, నేను నమ్మాను. నాలుగు నెలల తర్వాత మనసొప్పక విప్పించి చూస్తే బెల్టు మీద అడ్డంగా పగుళ్లు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగులో గరగర. ఈ ఇంజనులో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, అప్పుడు మరమ్మతు ఖర్చు కారు ధరను దాటేస్తుంది. అప్పటినుంచి బిల్లు చూపించలేని పనిని జరగని పనిగానే లెక్కేసి బేరమాడాలని నిశ్చయించుకున్నాను. రెండో తప్పు ఇంకా చేజేతులా చేసింది. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది, ఎలాగూ విప్పాం కనుక దాన్నీ మార్చమని మెకానిక్ అంటే, కారడం లేదు కదా అని వద్దన్నాను. రెండో ఏడాది పంపు కారడం మొదలుపెట్టింది, కూలెంటుతో తడిసి కొత్త బెల్టూ పాడయింది, విప్పే కూలి మళ్లీ మొత్తం ఇచ్చుకున్నాను.

ఆ రెంటికీ మధ్య, కొన్న ఎనిమిదో నెలలో, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంకు నిలువునా చీలింది. ఉష్ణోగ్రత ముల్లు కదలడం చూసిన వెంటనే పక్కకు ఆపేశాను కనుక బతికాను. అల్యూమినియం హెడ్ ఒకసారి అతిగా వేడెక్కితే వంగిపోవచ్చు, అలా వంగితే దాన్ని సరిచేయించకుండా గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా నిలవదు. ఆ రోజే గొట్టాలు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత అన్నీ మార్పించాను. ఇప్పుడు అదే కారును కొనవలసి వస్తే చల్లబరిచే వ్యవస్థ మొత్తం మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించే మాట్లాడతాను.

స్కానర్, అంటే కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లను చదివే పరికరం, పెట్టించకపోవడం కూడా పొరపాటే. హెచ్చరిక దీపం వెలగడం లేదు కదా అనుకున్నాను. పాత కోడ్లను తుడిచేస్తే దీపం కొన్నాళ్లు వెలగదు, కానీ కారు తనను తాను పరీక్షించుకునే తనిఖీలు ఇంకా పూర్తికాలేదని స్కానర్‌లో కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఈ మధ్యనే ఎవరో తుడిచారనో, బ్యాటరీ తీశారనో అర్థం. కొన్న రెండు వారాలకు దీపం వెలిగింది, ఆక్సిజన్ సెన్సర్ లోపమని తేలింది. తాళం తిప్పగానే ఆ దీపం ఒకసారి వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే దాన్నే తీసేశారేమో చూడాలి. టైర్ల పక్కగోడ మీద చివరి నాలుగంకెలు, అంటే 2314 అని ఉంటే 2014లో 23వ వారం, అవీ చూడలేదు. గాడి లోతుగానే ఉంది కానీ నాలుగూ ఎనిమిదేళ్లు దాటినవి, మొదటి వానకే జారాయి.

లెక్క ఇలా తేలింది. మొదటి ఏడాది మరమ్మతులకు కారు ధరలో 45 శాతం అయింది, రెండో ఏడాది 15 శాతం, ఆ తర్వాత ఏటా పది పన్నెండు శాతం. ఆరేళ్లకు కలిపి కారు కొన్నంత ధర మరోసారి పెట్టానన్నమాట. మొదటి ఏడాదే అమ్మేసి ఉంటే పూర్తిగా నష్టపోయేవాణ్ని. ముందువాళ్లు వాయిదా వేసిన పనులన్నిటికీ డబ్బు కట్టి, ఆ తర్వాత ఐదేళ్లు వాడుకోబట్టే గిట్టుబాటయింది. దారిలో నిలబడిపోయింది రెండుసార్లే, కానీ మొదటి ఏడాది షెడ్డులో పడున్న రోజులు ఇరవై దాకా ఉంటాయి. ఇంట్లో వేరే బండి ఉండబట్టి సరిపోయింది. గేర్‌బాక్సు ఆటోమేటిక్ అయి ఉంటే నేను ఈ సాహసం చేసేవాణ్ని కాదు. దాని ఆయిలు నల్లబడి మాడు వాసన వస్తుంటే ఎంత చవకైనా వదిలేయమనే చెబుతాను.

మరమ్మతు చేయించి సరిదిద్దలేని లోటు ఒకటుంది. దీనికి ఉన్నవి రెండే ఎయిర్‌బ్యాగులు, జారేటప్పుడు అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థ లేదు. ఒక్కణ్నే నడిపినన్నాళ్లు ఇది పట్టించుకోలేదు, పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటున్నప్పటి నుంచి పట్టించుకుంటున్నాను.

మూడు లక్షలు దాటినా ఇంజను ఉదయం ఒక్క తిప్పుకే లేస్తుంది, కంప్రెషన్ మొన్న కొలిపిస్తే తేడా పన్నెండు శాతం లోపే ఉంది. క్లచ్ మాత్రం పై గేర్లలో ఎత్తు ఎక్కేటప్పుడు జారుతోంది, మార్చాలి. దానికి ఒప్పుకునే ముందు కారును పైకి ఎత్తించి, తలుపుల కింద ఉండే బాడీ అంచును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడమన్నాను. ఎడమ పక్క గట్టిగానే ఉంది. కుడి పక్క, వెనక చక్రం ముందు, రంగు పొరతో పాటు రేకు కూడా కొంచెం లోపలికి దిగింది. అక్కడ రంగు గీకించి, తుప్పు పై రేకు వరకే ఉందా లేక బండి బరువు మోసే లోపలి పెట్టె దాకా పాకిందా అన్నది చూసేవరకు క్లచ్ పని ఆపమని చెప్పాను.