ధ్రువాల మీది లోహపు పొరలు: రాడార్ మేలా, లైడార్ మేలా?

ధ్రువప్రాంతపు లోహ అయాన్ల (విద్యుదావేశం ఉన్న లోహ పరమాణువుల) పొరల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేద్దామనుకుంటున్న విజయనగరం అమ్మాయి ఒకరు అడిగారు: రేడియో తరంగాలతో చూసే రాడార్ డేటానా, లేజర్ కాంతితో చూసే లైడార్ డేటానా, ఏది తీసుకోమంటారు సార్ అని. నా ఓటు రాడార్‌కే.

ఉల్కలు సుమారు 80–110 కిలోమీటర్ల ఎత్తులో మండిపోతూ ఇనుము, మెగ్నీషియం, సోడియం వదిలిపోతాయి. వాటిలో కొన్ని పరమాణువులు ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్లవుతాయి. ఆ ఎత్తులో మామూలుగా ఉండే నైట్రిక్ ఆక్సైడ్ అయాన్‌కి ఎలక్ట్రాన్ తగిలితే రెండు ముక్కలై తటస్థమైపోతుంది. ఒంటి పరమాణువైన ఇనుప అయాన్‌కి ఆ దారి లేదు, అందుకే చాలాసేపు బతుకుతుంది. ఆ అయాన్లన్నీ ఒకచోటికి చేరితే ఒకటి రెండు కిలోమీటర్ల మందాన పొర కడుతుంది. తిరుపతి దగ్గరి మన గాదంకి వైపు అయస్కాంత క్షేత్రం దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి ఈ పని ఎక్కువగా గాలులే చేస్తాయి. ధ్రువాల దగ్గర క్షేత్రం దాదాపు నిలువు, అక్కడ గాలి బలం చాలదు. పెత్తనం విద్యుత్ క్షేత్రానిది.

లైడార్ లోహాన్నే చూస్తుంది, అది దాని గొప్ప. 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సోడియం చక్కగా మెరుస్తుంది, కానీ అది అయాన్ కాదు, తటస్థ పరమాణువు. అయాన్లలో కాల్షియం 393 నానోమీటర్ల దగ్గర దొరుకుతుంది. అసలు హీరోలైన ఇనుము, మెగ్నీషియం అయాన్ల గీతలు అతినీలలోహితంలో ఉంటాయి, వాటిని ఓజోన్ మింగేస్తుంది. పైగా మబ్బు పడితే పని బంద్. సిరిమానోత్సవం రోజుల్లో మన ఆకాశం ఎలా ఉంటుందో తెలిసిందే, నార్వే తీరమూ అంతే. నడివేసవిలో అక్కడ సూర్యుడే అస్తమించడు. అయినా తీసిపారేయలేం: అంటార్కిటికాలోని మెక్‌మర్డోలో 155 కిలోమీటర్ల దాకా తటస్థ ఇనుముందని 2011లో చెప్పింది లైడారే.

నార్వేలో ట్రోమ్‌సో దగ్గరి ఐస్కాట్ రాడార్‌కి మబ్బుతో, పగటితో పేచీ లేదు. ఎలక్ట్రాన్ల సాంద్రతతో పాటు, అయాన్ల కదలికను బట్టి విద్యుత్ క్షేత్రాన్నీ లెక్కగట్టొచ్చు. పొర, దాన్ని కట్టిన కారణం ఒకే డేటాలో దొరుకుతాయన్నమాట. చిక్కల్లా ఒకటే: ఆ ఎలక్ట్రాన్ల వెనక ఉన్నది ఇనుమో కాదో నేరుగా చెప్పదు. అరోరా (ధ్రువాల ఆకాశంలో కనిపించే రంగు వెలుగు) కూడా అదే ఎత్తులో ఎలక్ట్రాన్లు పుట్టిస్తుంది. గ్రాఫ్‌లో అరోరా మందంగా, నిమిషనిమిషానికీ ఎగిరెగిరి పడుతుంది. లోహపు పొర సన్నగీతలా నిదానంగా కిందికి జారుతుంది. చాలాసార్లు ఆ తేడా చాలు.

రాకెట్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ (అయాన్ల బరువును బట్టి వాటిని గుర్తించే పరికరం) పెడితే ఏ అయానో తేలిపోతుంది. కాకపోతే పొరను రెండు మూడు సెకన్లలో దాటేస్తుంది.

ముందు అరోరా పెద్దగా లేని ఒక్క రాత్రి రాడార్ డేటా తీసుకుని, సన్నగీత ఏ ఎత్తులో పుట్టి ఎక్కడిదాకా జారిందో గీయమన్నాను. మబ్బులేని రాత్రి అయితే పక్కన సోడియం లైడార్ డేటా కూడా పెట్టుకోవచ్చు.