పాలంపేటలో రెండు రోజులు: గుడితో పాటు చెరువూ చూడండి

రామప్ప గుడికి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లలో చాలామంది తెల్లవారుజామున బయలుదేరి, రెండు గంటల్లో గుడి చూసి, చీకటి పడేలోగా ఇల్లు చేరుకోవాలని చూస్తారు. కొన్నేళ్ల కిందట నేనూ అలాగే వచ్చి వెళ్లాను. ఈసారి జనవరి చివర్లో నాన్నను తీసుకుని వెళ్లాను. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. ముందు చెరువు చూద్దాం, గుడి ఎక్కడికీ పోదు కదా అన్నారు. ఆ మాట వినడం వల్లే ఈ ఊరు నాకు అర్థమైంది.

పాలంపేట ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలో ఒక చిన్న పల్లె. దారి పొడవునా వరి మడులు, మధ్యమధ్య మిరప చేలు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ గుడి కట్టించాడు, చెరువు కూడా ఆయన కట్టించిందే. కాకతీయుల కాలంలో ఊరు నిలబెట్టాలంటే ముందు నీళ్లు నిలబెట్టేవారు. చెరువు కింద పండిన పంటే ఊరి జనానికీ, గుడిలో దీపధూప నైవేద్యాలకూ ఆధారం. గుడిని మాత్రమే చూసి వెళ్లిపోతే సగం కథే విన్నట్టు.

గుడి నుంచి చెరువు కట్ట సుమారు కిలోమీటరు. మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు కట్ట. నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసి, సరిగ్గా అక్కడే అడ్డు వేశారు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఈ నీళ్లు ఇప్పటికీ వేల ఎకరాలకు పారుతున్నాయి. మేము వెళ్లినప్పుడు యాసంగి నాట్లు జోరుగా సాగుతున్నాయి. కాలువ పక్కన ఒక రైతు పారతో రెండు పెళ్లల మట్టి పక్కకు లాగాడు. నీళ్లు కాసేపు ఆగి, నురగతో గడ్డిపోచలను తోసుకుంటూ మడిలోకి మళ్లాయి. మడి నిండాక అదే మట్టిని తిరిగి అడ్డం పెట్టి కాలితో అదిమాడు. నాన్న గట్టు మీద కూర్చుని ఆయనతో నారు గురించీ, కూలీల గురించీ గంటసేపు మాట్లాడారు. లేవమంటే లేవలేదు.

గుడికి మర్నాడు పొద్దున్నే వెళ్లాం. మీరూ అలాగే వెళ్లండి. పొద్దెక్కాక బడి పిల్లల బస్సులు వస్తే శిల్పాల ముందు నిలబడడానికే చోటుండదు. ఆరడుగుల ఎత్తున నక్షత్రం ఆకారంలో ఉన్న పీఠం మీద గుడి నిలబడి ఉంది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, లోపలి స్తంభాలూ బయటి మదనికలూ (చూరు కింద నిలిపిన స్త్రీ శిల్పాలు) నల్లరాయి. ఆ నల్లరాయిని ఎంత నునుపుగా తీర్చారంటే, మదనిక మెడలోని హారం నీడ ఆమె రొమ్ము మీద పడి కనిపిస్తుంది. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి, తప్పకుండా వెతికి చూడండి. గుడి పునాదిని ఇసుక నింపిన గోతి మీద నిలిపారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పైబరువు తగ్గించడానికి ఆనాటి పనివాళ్లు ఎంచుకున్న ఉపాయం అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక రద్దీ బాగా పెరిగింది. గైడును పెట్టుకోవడం మంచిదే, కానీ తొందరపెట్టే గైడు వద్దు. మాకు దొరికిన పెద్దాయన నంది దగ్గరే పావుగంట నిలబెట్టాడు. చెవులు రిక్కించి, పిలిస్తే లేచి వచ్చేలా ఉన్న నంది అది. ఒక్క విషయం బాధపెట్టింది. ఫొటోల కోసం శిల్పాల మీద చేతులు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి దారిలో ఒక పట్టణంలోని లాడ్జిలో దిగి పొరపాటు చేశాం. చలికాలంలో వేడినీళ్లు లేవు, రెండుసార్లు అడిగితే ఒక బకెట్ వచ్చింది. డెబ్బై ఏళ్ల నాన్నను పెట్టుకుని అలా ఎదురుచూడడం కష్టమనిపించింది. రెండో రాత్రి చెరువు ఒడ్డున కాటేజీలో ఉన్నాం. గది సాదాసీదాగానే ఉంది, అయినా తెల్లవారి తలుపు తీస్తే నీళ్ల మీద మంచు కనిపించింది. నన్నడిగితే ఒక్క రాత్రికైనా చెరువు దగ్గరే ఉండండి. గదులు తక్కువ, ముందుగా బుక్ చేసుకోవాలి. అన్ని సౌకర్యాలూ కావాలనుకునేవాళ్లకు హనుమకొండే నయం. భోజనానికి ఊళ్లో పెద్ద హోటళ్లు ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. మేము తిన్న చేపల పులుసు మాత్రం రుచిగా ఉంది, వేడివేడి అన్నంతో నాన్న రెండోసారి వడ్డించుకున్నారు.

సొంత వాహనం లేకపోతే హనుమకొండ నుంచి బస్సులో ములుగు వచ్చి అక్కడ ఆటో మాట్లాడుకోవచ్చు. రానూపోనూ బేరం ముందే కుదుర్చుకోండి, సాయంత్రం తిరుగు ఆటో దొరకడం కష్టం.

చుట్టుపక్కల చూడదగినవాటిలో లక్నవరానికే పేరెక్కువ. ఆ చెరువూ కాకతీయులదే. వేలాడే వంతెన, దీవులు, పడవలు పిల్లలకు బాగా నచ్చుతాయి. సెలవు రోజుల్లో వంతెన మీద తోపులాట ఎక్కువ, పెద్దవాళ్లతో వెళ్తే మామూలు రోజు చూసుకోండి. నాకు మాత్రం ఘనపురం కోటగుళ్లు ఎక్కువ నచ్చాయి. ఒకే రాతి ప్రాకారంలో చిన్నా పెద్దా కలిపి ఇరవై రెండు గుళ్లు. మేము ఉన్న గంటసేపట్లో మాతో పాటు ఉన్నది ఒక మేకల కాపరి, అతని మంద. కూలిన రాళ్ల మధ్య నడుస్తూ నాన్న చెయ్యి వదల్లేదు.

రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో ఈ దారి మొత్తం జనసముద్రం. జాతరకు కాకపోతే అప్పుడు రాకండి. చలికాలం హాయిగా ఉంటుంది, నాట్లు చూడాలంటే జనవరి బాగుంటుంది. వచ్చే వానాకాలం చెరువు నిండాక మత్తడి దూకుతుంటే చూడాలని నాన్న ఇప్పటి నుంచే అడుగుతున్నారు. ఆ రైతు ఫోను నంబరు రాసుకున్నారు, నీళ్లు అంచుకు రాగానే కబురు చేస్తాడట.