గ్రాఫిక్ ఆర్గనైజర్లు: తరగతిలో ఏళ్ల తరబడి వాడాక

గుంటూరులో ఒక హైస్కూల్లో బయాలజీ చెబుతాను. పాఠంలోని సంగతులను గళ్లు, వలయాలు, బాణాలతో ఒక్క పేజీలో చూపించే గ్రాఫిక్ ఆర్గనైజర్లను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది రాదు అంటే నా జవాబు ఒక్కటే: పిల్లలు ఆలోచించి రాయాల్సిన చోటు అందులో ఉంటే పనికొస్తుంది.

అందుకే నా మొదటి ఓటు, ముఖ్యమైన మాటలను గళ్లలో రాసి వాటి మధ్య సంబంధాన్ని బాణాల మీద రాసే కాన్సెప్ట్ మ్యాప్‌కి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నొవాక్ బృందం 1972లో, పిల్లలకు సైన్సు ఏ మేరకు అర్థమవుతోందో గమనించడానికి దీన్ని రూపొందించింది. దీనికి ప్రాణం బాణం మీది మాట. ‘గుండె’, ‘ధమని’ అని రెండు గళ్లలో రాసి మధ్యలో గీత గీయడం ఎవరైనా చేస్తారు. ఆ గీత మీద ఏం రాయాలి అని అడిగితే అప్పుడు పుస్తకాలు తెరుచుకుంటాయి.

ఒకదానిపై ఒకటి కొంత పడేలా రెండు వలయాలు గీసి, విడి భాగాల్లో తేడాలు, కలిసిన చోట పోలికలు రాసే వెన్ చిత్రం కూడా నాకు బాగా ఇష్టం. పదో తరగతిలో ధమనులు, సిరలు పోల్చమంటే దాదాపు ప్రతి గ్రూపూ ఒక వలయంలో ‘మంచి రక్తం’, రెండో దాంట్లో ‘చెడు రక్తం’ అని రాస్తుంది. అప్పుడు పుపుస ధమని ఎక్కడ పెడతారు అని అడుగుతాను. అది ఊపిరితిత్తులకు తీసుకెళ్లేది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్నే కదా! ఒకసారి పెద్ద వాదనే జరిగింది. చివరికి ఒకమ్మాయి, “రక్తాన్ని బట్టి కాదు మేడమ్, గుండె నుంచి పోతోందా, గుండెకి వస్తోందా చూడాలి” అంది. అన్ని గ్రూపులూ పాతది కొట్టేసి మళ్లీ రాశాయి. నేను పీరియడంతా చెప్పినా ఆ తేడా అంత గట్టిగా నాటుకునేది కాదు.

తెలిసింది, తెలుసుకోవాలనుకునేది, నేర్చుకున్నది అని మూడు గడులుండే కేడబ్ల్యూఎల్ చార్టును 1986లో డోనా ఓగల్ పరిచయం చేశారు. పాఠం మొదలుకాకముందే ఇస్తే మా పిల్లల మధ్య గడి ఖాళీగానే ఉంటుంది. ఏమీ తెలియని దాని గురించి ప్రశ్న ఎలా పుడుతుంది? కాస్త పాఠం చెప్పాక ఇస్తే మాత్రం ‘దోమ కుడితే డెంగీ వస్తుంది, ఈగ వాలితే ఎందుకు రాదు?’ లాంటివి వస్తాయి.

అచ్చువేసిన వర్క్‌షీట్లు నాకు నచ్చలేదు. గళ్లు ముందే గీసి ఉంటే పిల్లలు గైడు చూసి నింపేస్తారు. స్కెచ్ పెన్నులు కూడా అంతే, రంగులకే సగం పీరియడు పోతుంది. తెల్ల కాగితం, పెన్సిలు చాలు.

గుంటూరు, విజయవాడల్లో తల్లిదండ్రులు మొదట అడిగేది నోట్సు ఏది అనే. పబ్లిక్ పరీక్షలో మార్కులు రాసిన జవాబులకే కాబట్టి వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. అందుకే మ్యాప్ పూర్తయ్యాక ఒక్కో బాణాన్నీ వాక్యంగా చదివించి, ఆ వాక్యాలనే వరసగా జవాబుగా రాయిస్తాను. ఈ మెట్టు వదిలేస్తే బొమ్మ బాగా గీసినవాళ్లు కూడా పరీక్షలో తడబడతారు.

కొత్తగా మొదలుపెట్టే టీచర్లు ఒక పాఠానికి ఒక్కటే ఎంచుకోండి. ఆరో తరగతికైతే ఎనిమిది, పది మాటలు మించకుండా ఇవ్వండి. మొదటి మ్యాప్‌ను బ్లాక్‌బోర్డు మీద పిల్లలతో కలిసి గీయండి. బాణం మీది మాట మాత్రం వాళ్ల నోటి నుంచే రానివ్వండి.